శుక్రవారం మతిమరుపు

జూన్ 6, శుక్రవారం

శ్రీప్రియక్క డ్రైవింగ్ టెస్టులో రెండోసారి ఫెయిల్. ఇన్‌స్పెక్టర్ ఎదురుగా మా కారు మూడుసార్లు ఆగిపోయింది. మొదటిసారి ఆగగానే అక్క కంగారుపడింది. ఇక క్లచ్ ఏదో, బ్రేక్ ఏదో.

మిగతా రోజులు నేను నడిపితే ఎక్కడా ఆగదు. అక్కకు సెలవు శుక్రవారమే, కారు చేతికొచ్చేదీ ఆ రోజే. మా నాన్న, అదే నైన, తీర్పు చెప్పేశాడు: బండిలో ఏం లేదంట, తప్పంతా ఆ పిల్ల కాల్లోనే ఉండాదంట. ఇంకోసారి తప్పితే ఎల్ బోర్డు పీకేస్తాడంట. లైసెన్సు లేకపోతే ఆఫీసులో ఇస్తామన్న ఫీల్డ్ పోస్టు అక్కకు రాదు.

జూన్ 7, శని

నేను బి.ఇ. ఆటోమొబైల్. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తులేదు, నాతో సహా.

జూన్ 13, శుక్రవారం, ఉదయం

దొంగ దొరికాడు. మా నైనే.

ప్రతి శుక్రవారం కారుకు పూజ. బానెట్ ఎత్తి, బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, వేడినీళ్లతో కడిగి, వాజలైన్ రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం ఆరేదాకా అలాగే వదిలేస్తాడు. అంబాసిడర్ కాలం నాటి ఆచారం. ఆ కారుకు మెదడు లేదు కాబట్టి నష్టమూ లేదు. దీనికి ఉంది.

సాయంత్రం

నైనకు క్లాసు తీసుకున్నాను. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు రకరకాల మెమరీలు, మహాప్రభో. రోమ్ ఫ్యాక్టరీలో రాసిచ్చింది, బ్యాటరీ తీసినా చెరగదు. ర్యామ్ చిత్తు కాగితం, తాళం తిప్పి ఆపగానే ఖాళీ. ఇక కీప్ అలైవ్ మెమరీ. మన ఇంజిన్ ఎంత అరిగింది, సిగ్నల్ దగ్గర ఆగిపోకుండా ఉండాలంటే ఎంత గాలి కావాలి, ఇవన్నీ రోడ్డు మీద నేర్చుకుని దాచుకునేది అదే. బ్యాటరీ ఉన్నంతసేపే దానికి ప్రాణం. నువ్వు వారం వారం దాన్ని చంపి దణ్ణం పెడుతున్నావు. శనివారం నా చేతిలో కాస్త దగ్గి, ఆదివారానికి మళ్లీ నేర్చుకుంటోంది. మధ్యలో అక్క బలి.

నైన ఓపిగ్గా అంతా విన్నాడు. సామికి చేసేదానికి కంప్యూటరు అడ్డమొస్తాదా, ఏందిరా భరణీ, నాలుగేండ్లు ఆడ కాలేజీలో కూర్చోని ఇదేనా సదివింది అన్నాడు. అక్క పగలబడి నవ్వింది. నేను పోరాడుతున్నది ఆమె కోసమే.

తర్వాత నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది, అయితే నా కాలు బాగానే ఉండాదా అని.

జూన్ 19, గురువారం

రేపు టెస్టు. బతిమాలాను. సరి సరి, రేపు పూజ చెయ్యను పో అన్నాడు నైన. చరిత్రాత్మక దినం.

జూన్ 20, శుక్రవారం, ఉదయం

కర్పూరం వాసనకు మెలకువ వచ్చింది. బిడ్డ టెస్టని స్పెషల్ పూజంట. ఒకటి కాదు, రెండు టెర్మినళ్లూ తీసి కడిగాడంట. మాటిచ్చావు కదా అంటే, అది మామూలు పూజ గురించిరా అన్నాడు.

మధ్యాహ్నం

పాస్.

కారు ఆగలేదని కాదు. రెండుసార్లు ఆగింది. అక్క ఈసారి కంగారుపడలేదు. న్యూట్రల్, తాళం, కాస్త యాక్సిలరేటర్, మళ్లీ బయలుదేరింది. బండికి ఏం తెలియదు కానీ అమ్మాయికి అంతా తెలుసు అని ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టాడంట.

పూజ ఫలించిందని నైన వీధంతా చెప్పొచ్చాడు.

జూన్ 27, శుక్రవారం

నైన తిరుత్తణి వెళ్లాడు. పొద్దున బానెట్ చప్పుడు. కిటికీలోంచి చూస్తే అక్క, చేతిలో స్పానర్, బ్యాటరీ టెర్మినల్ ఊడదీస్తోంది. బండి ఆగకపోతే నాకు అదోమాదిరిగా ఉండాదిరా అంది.