నాయన కట్టు విప్పేలోగా కారుకు మెరుగు

ఆవులప్పా,
కాటన్‌పేట అంగడి నుంచి రాగానే ముందు కారు పని చూడు. పెట్రోలు రేషనైనప్పట్నుంచీ షెడ్డులోనే పడి రంగంతా వెలిసిపోయి ఉండాది. నీళ్లతో కడిగి, ఆరినాక, పాలిషును మెత్తని పంచెగుడ్డతో కొంచెం కొంచెంగా రుద్దు. అమ్మ చింతపండూ బూడిదా ఎత్తుకొని వస్తాది, దగ్గరికి రానియ్యద్దు. అదేమన్నా ఇత్తడి బిందెనా?

నేను కంటి ఆసుపత్రికి పోతా ఉండాను. ఈ పొద్దే నాయన కట్టు విప్పి ఇంటికి పంపిస్తారంట. ఆయనకు చూపు మసకైనప్పట్నుంచీ, కారెట్లుందని అడిగినప్పుడల్లా "అద్దం మాదిరి ఉండాది నాయనా" అన్నది నువ్వే. ఇప్పుడు ఆయనే కండ్లారా చూస్తాడు.

అక్క

మెరుగు రాకపోయినా పోనీలేప్పా. వెలిసిన కారును చూసి మనల్ని తిట్టినాడంటే, కండ్లు వచ్చినట్టే గదా.