నిఖిత కోసం నల్ల స్కెచ్ పెన్

ఏవండీ,

ఇప్పుడే అత్తయ్యగారు ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారు. మీ చెల్లి నిఖిత కళ్లు తెరిచిందట! "వదినేదమ్మా?" అని అడిగిందట. వంటింట్లోనే గంతులేశాను. మీ ఫోను ఆవిడ దగ్గరే ఉండిపోయింది కదా, అందుకే ఈ చీటీ. నేను అమలాపురం బస్సుకి వెళ్తున్నాను.

మీరూ మావయ్యగారూ జబ్బు అంటకుండా డాక్టరుగారిచ్చిన మాత్ర అన్నానికి ముందే వేసుకోండి. మెదడు పొరలకు పట్టే ఈ మెనింజైటిస్ వచ్చిన ఇళ్లలో మన పేటలో మనది మూడోది. "నాకేం కాదు" అనొద్దు, మీకు దణ్ణం పెడతాను. ఆ మాత్రకి మూత్రం ఎర్రగా వస్తుంది, కంగారుపడకండి. నిన్న నేను ఏడిస్తే కన్నీళ్లు కూడా నారింజరంగులో వచ్చాయి. మీ తెల్ల రుమాలు పాడైపోయింది.

అసలు సంగతి ఇంతసేపూ రాయకుండా దాటేశాను. నిఖితకి వినబడటం లేదండీ. అత్తయ్యగారు ఎంత పిలిచినా తల తిప్పలేదట. "ఎవరూ మాట్లాడరేంటమ్మా, నామీద అలిగేరా?" అందట. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకోవాల్సిన పిల్ల! మావయ్యగారికి ఇప్పుడే చెప్పకండి. నేనొక్కదాన్నే ఈ మాట మోయలేక మీకు రాస్తున్నాను.

మీ ప్రసన్న

మర్చిపోయాను. రేపు పదింటికి చెవుల పరీక్ష. మీరు మొదటి బస్సుకే రండి. వచ్చేటప్పుడు నిఖిత పొడుగు నోట్సు, నా నల్ల స్కెచ్ పెన్ తీసుకురండి. నా రాత కోడి గెలికినట్టుంటుందని అది ఎప్పుడూ వెక్కిరిస్తుంది. రేపు దానికి చెప్పాల్సిన కబుర్లన్నీ గుండ్రంగా రాస్తాను, ఎవరూ అలగలేదని ముందు రాస్తాను.