అప్పారావు ఉన్న కేసెట్టు

ఉక్కునగరం,
ఆదివారం.

అప్పకి, నీ తమ్ముడు సూరిబాబుని, నీ కాళ్ళకి దణ్ణం పెట్టి రాత్తన్నాను. నాను బాగున్నాను. నువ్వూ బావా పిల్లలూ బాగున్నారనుకుంతన్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలాగున్నాది? నీ ఉత్తరానికి జవాబు రాయలేదని కోపం వద్దప్పా. రాయబుద్ధి కాలేదు.

ఇక్కడ ఎండలు మండిపోతన్నాయి. కాంట్రాక్టు పని బాగానే ఉన్నాది, దిగులు పడొద్దు. మెస్సులో రోజూ అదే సాంబారు, నోరు సచ్చిపోయింది. ఎవులైనా ఇటొస్తే ఎండు నెత్తళ్ళ సేపలు పంపించు. గదిలో ఒక్కడినే ఉండలేక నాటకాలోళ్ళతో కలిసినానని ముందే రాసినాను కదా. ఆ సంగతే సెప్పాల.

మా వోళ్ళంతా షిఫ్టులోళ్ళు. ఒకడు పొద్దున డ్యూటీ అయితే ఇంకొకడు రాత్రి డ్యూటీ. అందరూ ఒక్కపాలి రిహార్సలుకి రావడమన్నది జరగదు. అందుకని పెళ్ళిళ్ళకి వీడియో తీసే ఒకడి దగ్గర కెమెరా తెచ్చి, ఏ రోజు రిహార్సలు ఆ రోజు కేసెట్టుకి ఎక్కిత్తాం. రానోడు దాన్ని ఇంటికి అట్టుకెళ్ళి, ఎక్కడ నిలబడాలో ఎప్పుడు తిరగాలో సూసి నేర్సుకుంతాడు. తరవాత ఇంకొకడికి ఇత్తాడు. ఉన్నవి నాలుగే కేసెట్లు. ఏది ఎవుడింట ఉందో పుస్తకంలో రాసుకోవడం, పాతది సెరిపి కొత్తది ఎక్కించడం నా పని. "సూరి దగ్గరుంటే కేసెట్టు పోదు" అనీవోళ్ళు. నానూ పొంగిపోయేవోడిని, ఎదవని.

మా నాటకంలో పెద్ద వేషం అప్పారావుది. పెళ్ళి సేసుకోలేదు, సీతమ్మధారలో ఆడూ వాళ్ళమ్మా ఉండీవోళ్ళు. నన్ను తమ్ముడూ అని పిలిసీవోడు. ఆవిడ సేతి అన్నం ఎన్నిపాల్లు తిన్నానో లెక్కలేదు. పోయిన నెల స్నానానికెళ్ళి గుండాగి పడిపోనాడు. ముందరే నాటకాల పోటీ ఉన్నాది. మా డైరెక్టరు మేష్టారు ఆ వేషం రమణకిచ్చినారు. అప్పారావు ఎలా సేసినాడో కేసెట్టులో రమణకి రెండుపాల్లు సూపించినాను. ఆడు లేచి అలాగే సేసినాడు. నాను ఆ కేసెట్టే ఎనక్కి తిప్పి, దానిమీద రమణని ఎక్కించీసినాను. అలవాటప్పా. మిగతా మూడిట్లోనూ అప్పటికే అప్పారావు లేడు. ఆ గదిలో పదిమందిమి ఉన్నాం, ఆడున్నది అదొక్కటేనని ఒక్కడికీ తట్టలేదు.

వారం తిరక్కుండా వాళ్ళమ్మ బస్సెక్కి వచ్చింది. "నా కొడుకు మీ కేసెట్టులో ఉన్నాడంట కదా నాయనా, ఒక్కపాలి సూపించు. ఫోటోలున్నాయి గానీ ఫోటో మాటాడదు కదా" అన్నాది. సెరిపీసినానని సెప్పలేక, "బి షిఫ్టు వోడింట ఉన్నాదమ్మా" అనీసినాను. ఆవిడ అక్కడికెల్లింది. ఆడికీ సంగతి తెలుసు. సెప్పలేక ఇంకొకడింటికి పంపినాడు. ఆ ఇంకొకడూ అంతే. కేసెట్టు తిప్పినట్టే ఆ ముసలమ్మని ఆరు క్వార్టర్లు తిప్పినామప్పా, ఆ ఎండలో, సెక్టారు సెక్టారూ నడిపించి. అందరూ టీ ఇచ్చినారంట.

సాయంత్రానికి తిరిగి నా గదికే వచ్చింది. కాళ్ళు వాసిపోయున్నాయి. అప్పుడు సెప్పీసినాను. ఆవిడ గోడకి ఆనుకుని కూకున్నాది. తరవాత "ఉన్నదే ఎయ్యి" అన్నాది. పక్కింటోళ్ళ టీవీలో ఏసినాను. అప్పారావు మాటలన్నీ రమణ సెప్తన్నాడు. ఆవిడ ఆఖరిదాకా సూసింది. లేస్తా, "ఈ బాబుకి అమ్మ ఉన్నాదా?" అని అడిగింది. ఉన్నాదన్నాను. "అయితే దీన్ని సెరపకండి" అనీసి బస్సుకెల్లిపోనాది.

నిన్న మేష్టారు కొత్త సీను ఎక్కించాలని ఆ కేసెట్టు అడిగినారు. ఇవ్వనన్నాను. "నీకేటి, పిచ్చా?" అన్నారు. పుస్తకం ఆయన సేతిలో ఎట్టీసి, కేసెట్టు నా దగ్గరే ఉంచుకుని వచ్చీసినాను. మరి అటు ఎల్లలేదు.

బావకీ, మీ అత్తగారికీ నా దణ్ణాలు సెప్పు. పిల్లలకి ముద్దులు. ప్రతి ఉత్తరంలోనూ నీ దీవెనలు అడుగుతాను కదా, ఈపాలి వద్దు. ఆవిడ నన్ను ఒక్క మాట అన్లేదప్పా. తిట్టుంటే బాగుణ్ణు. నువ్వయినా నాలుగు తిట్లు తిట్టి రాయి.

నీ తమ్ముడు,
సూరిబాబు