ఓడ వడ్రంగి ముక్కు

మన పిల్లల అమ్మకి,

ఇక్కడ నేను, అమ్మ, అబ్బాయి కులాసా. అక్కడ నువ్వు, అమ్మాయి, పసిది కులాసాగా ఉన్నారని తలుస్తాను. కుళాయి సంగతి అడిగావు. బాగుచేయించాను. అమ్మ మందులు వేళకే మింగుతోంది, నన్ను తిట్టుకుంటూ.

అసలు సంగతికి వస్తాను. మన వీధివాళ్ల పుట్టుపూర్వోత్తరాలు తేల్చడానికి లాలాజలం తీసుకెళ్లిన డాక్టరమ్మ మళ్లీ వచ్చింది. ఎదురింటి పిల్లను కోడలిగా చేసుకుంటే మనవలకు నీ చెల్లెలిలా చూపు పోతుందని కదా నీ భయం. ఆ జబ్బు తల్లి నుంచీ తండ్రి నుంచీ, రెండు వైపులా వస్తేనే పట్టుకుంటుందట. ఆ పిల్లలో ఒక వైపుది ఉంది. మన అబ్బాయిలో అసలు లేదు. మూడుసార్లు అడిగాను. లేదంది. నిశ్చింతగా నిద్రపో.

ఇక నీకు చెప్పవలసింది ఒకటుంది. నాలుగు రోజులుగా మింగలేక కక్కలేక ఉన్నాను.

"అబ్బాయికి మీ వైపు నుంచి వచ్చే ఆస్కారమే లేదండీ. మీకూ ఈ వీధికీ రక్తసంబంధం కనిపించడం లేదు" అంది డాక్టరమ్మ.

మనవాళ్ల అలవాటు నీకు తెలుసుగా. బిడ్డ పుట్టగానే చుట్టూ చేరి, ఇది వంటవాడి జుట్టు, ఇది నావికుడి కళ్లు అని ఓడ దిగి మన వీధి కట్టిన తాతల్లో ఎవరికో ఒకరికి అంటగడతారు. నా ముక్కు ఓడ వడ్రంగిదని తీర్మానించారు. నేనూ నమ్మాను.

అమ్మను అడిగాను. కూరగాయలు తరుగుతూ తల ఎత్తలేదు.

"రేవులో దొరికావురా. ఏడుస్తున్నావు, ఎత్తుకొచ్చి నేనే కన్నానని వీధికి చెప్పాను. ఇప్పుడేం, మళ్లీ అక్కడే పెట్టి రమ్మంటావా?"

బయటివాళ్లకు పిల్లనివ్వని వీధి మనది. దాచి సంబంధం కలుపుకోవడం ఇష్టంలేక ఎదురింటాయనకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన నా వైపు కుర్చీ జరిపాడు.

"ఏం బావా, మా వాళ్లలో చూపు పోయే జబ్బుందని తెలిసీ నువ్వు మా పిల్లను అడుగుతున్నావు. నీ పుట్టుక తెలిసిందని నేను కాదంటానా? కూర్చో, టీ తాగు."

టీ తాగాను.

ఆయన ఒప్పుకున్నాడు. ఇన్నేళ్ల తర్వాత నువ్వూ నన్ను ఒప్పుకుంటే, పెళ్లికి ఏ రోజు బాగుంటుందో రాయి.

ఇట్లు,
నీ పిల్లల తండ్రి