రొట్టెల పొయ్యిలో బొప్పాయి

ఆగస్టు 9

నా ఆడపాము బొప్పాయి ఈసారి కూడా ఎలకని ముట్టలేదు. పొద్దంతా ఎండ పడే మూలనే చుట్ట చుట్టుకుని ఉంటోంది. పొట్ట కింద తడిమితే గట్టిగా తగిలింది. కడుపుతోనే ఉంది. ఎవరికీ చెప్పను. దిష్టి తగులుతుంది.

ఆగస్టు 10

మా ఆయన సిరిలోకి చెప్పేశాను. ఒక్క రోజు ఆగలేకపోయాను. వల బాగుచేసుకుంటూ, మొగుడి మీద ఇంత శ్రద్ధ పెట్టి ఉంటే తనూ ఈపాటికి లావెక్కేవాణ్ణన్నాడు.

నా జంట పిల్లల్ని కనడం లేదని, పెద్ద దీవి నుంచి మగపాముని తెచ్చి కలిపెయ్యమని ఎన్నాళ్ళు పోరు పెట్టాడు! నేను ఒప్పుకోలేదు. పెద్ద దీవి బోవా పాములు బూడిద రంగు, పొడుగు. నావి బండ దీవివి. అవి పొట్టివి, పండిన బొప్పాయి లోపలి రంగు. కలిపితే పిల్లలు పుడతాయి, కానీ అవి ఏ దీవివీ కావు. ఒకప్పుడు బండ దీవిలో ప్రతి పొదలోనూ ఉండేవట. వ్యాపారులు సంచులకెత్తి పట్టుకుపోయారు. ఇప్పుడు నా షెడ్డులో ఒక జంట ఉంది. అక్కడ ఇంకా ఉన్నాయో లేదో ఎవరూ చెప్పలేరు.

ఆగస్టు 28

వదినకి తెలిసిపోయింది. గ్రెగోరియా వదిన, సిరిలో అక్క. ఊరంతా తినే కొబ్బరి రొట్టె ఆమె కాల్చిందే. మా షెడ్డుకీ ఆమె పొయ్యికీ మధ్య ఒక్క దడి అడ్డం. నేను ఇటు నిలబడి ఉంటే ఆమె అటు తన కోళ్ళతో మాట్లాడింది. ఒక్క పాము దడి దాటినా ముక్కలు చేస్తుందట. ఆ తర్వాత కొందరి మొహం కూడా చూడదట. కోళ్ళు విన్నాయి. నేనూ విన్నాను.

ఆమెని ఏమీ అనలేను. ఆమె భర్త మార్సెలినో ఆ వ్యాపారులకి పాములు పట్టి ఇచ్చేవాడు. వాటిని తీసుకెళ్తుండగానే పడవ బోల్తాపడి పోయాడు.

సెప్టెంబరు 17

ఏమీ లేదు. ఉక్క.

అక్టోబరు 12, పొద్దున్న

రాత్రంతా గాలివాన. అందరం స్కూలు గదిలో తలదాచుకున్నాం. వచ్చి చూస్తే షెడ్డు కప్పు లేదు. మగది పెట్టెలోనే ఉంది. బొప్పాయి పెట్టె పగిలి ఉంది. ఖాళీ.

అక్టోబరు 13, సాయంత్రం

పడిపోయిన కొబ్బరి మట్టలన్నీ ఎత్తి చూశాం. లేదు. సిరిలో ఒక్క జోకూ వెయ్యలేదు, అదే భయంగా ఉంది. వాన ఆగింది గానీ చలి. ఇవి గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. తల్లికి వెచ్చదనం లేకపోతే పిల్లలు కడుపులోనే పోతాయి.

అక్టోబరు 14

ఈ రోజు సంగతి మొత్తం రాయాలి.

తెల్లారుతుండగా వదిన దడి దగ్గర నిలబడి నన్ను పేరు పెట్టి పిలిచింది. "ఫౌస్టినా, ఇటు రా." చేతిలో కత్తి. దడి దాటి వెళ్ళాను.

పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళింది. ఇనప పీపాని అడ్డంగా పడుకోబెట్టి మట్టి మెత్తిన పొయ్యి అది. నిన్న కాల్చిన రొట్టెల వేడి ఆ మట్టిలో ఇంకా మిగిలి ఉంది. లోపల, చివరాఖరికి, బొప్పాయి. నిప్పు పెట్టబోతూ చూసిందట. కత్తి కట్టెలు చీల్చడానికి తెచ్చుకున్నది.

చెయ్యి పెట్టబోయి ఆగాను. దాని ఒళ్ళంతా అలలా కదులుతోంది. కాన్పు మొదలైంది, ఇప్పుడు కదిలించకూడదని చెప్పాను. వదిన నాకేసి చూసింది, పొయ్యికేసి చూసింది. తమ్ముణ్ణి పిలిచి, ఇవాళ రొట్టెల్లేవని ఊళ్ళో చెప్పి రమ్మంది.

ఊరు ఊరుకుంటుందా. పడవల మెకానిక్ తెయోఫిలో వచ్చి, పాము కోసం మనుషులు పస్తుండాలా అని లేచాడు. వదిన ఆయన బొజ్జ వంక తాపీగా చూసి, నువ్వో పూట మానేస్తే నీ పడవకే మంచిదంది. ఆయన వెళ్ళిపోయాడు.

వదినే నీళ్ళు కాచి సీసాల్లో పోసి ఇచ్చింది. వాటికి గుడ్డ చుట్టి పీపాలో సర్దాను. ఇద్దరం ముక్కాలిపీటల మీద కూర్చున్నాం. నా వైపు తిరక్కుండానే వదిన అంది.

"ఆయనతో పాటు నీళ్ళలో పడ్డ పాముల సంచులు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. మూతులు కట్టేసే ఉన్నాయి. అవి ఈదగలవు ఫౌస్టినా. మా ఆయన కంటే బాగా ఈదగలవు. కట్లు విప్పింది నేనే. ఒక్కటీ బతికి లేదు."

ఇన్నాళ్ళూ ఆమెది పాముల మీద కోపమే అనుకున్నాను. దడి అవతల వాటిని చూసినప్పుడల్లా ఆమెకి ఏం గుర్తొచ్చేదో ఒక్కసారి కూడా అడగలేదు.

మధ్యాహ్నం మొదటిది వచ్చింది. పల్చటి పొర చింపుకుని మూతి బయటపెట్టి నాలుక ఆడించింది. వదిన వెనక్కి గెంతి, మళ్ళీ మెల్లిగా ముందుకొచ్చింది. కొన్ని పిల్ల కట్టని ఉత్త పసుపు ముద్దలే. రెండు చచ్చి పుట్టాయి, వాటిని వదిన అరిటాకులో చుట్టి తీసుకెళ్ళింది. మిగతావన్నీ బతికాయి. బతికాయి!

తల్లి రంగు రాలేదేమని వదినకి ఒకటే దిగులు. పెరిగేకొద్దీ రంగు తేలుతుందని నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

అక్టోబరు 15

ఊరికి ఈ రోజూ రొట్టె లేదు. వదిన పొయ్యి తోముతోంది. తోముతూనే ఉంది.

నవంబరు 4

ఒక పిల్ల ఏం పెట్టినా తినడం లేదు. వదిన కళ్ళు గట్టిగా మూసుకుని, చిన్న బల్లిని తోక పట్టుకుని తెచ్చింది. పిల్ల తినేసింది. ఇప్పుడు నేను పెట్టినవి వద్దట దానికి.

జనవరి 19

కొత్త కప్పు పడింది. పిల్లల ఒంటి పక్కల్లో లేత గులాబి తేలుతోంది. వదిన రోజూ వచ్చి, నాకు రంగు చూడ్డం రాదన్నట్టు, వెలుతురులో తిప్పి మరీ చూపిస్తోంది.

మార్చి 22, బండ దీవి

మూడు పిల్లల్ని షెడ్డుకి ఉంచుకుని మిగతావి వదిలేశాం. ఒక పొద కింద కుబుసం దొరికింది. కొత్తది, ఇంకా మెత్తగా ఉంది. దాదాపు బొప్పాయి అంత పొడుగు. మేం తెచ్చిన పిల్లలది కాదు, ఇక్కడే పెరిగిన పాముది.

వదిన దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని పడవలో ఇంటిదాకా వచ్చింది. గాలికి ఎగరనివ్వలేదు.