నైమా చేతుల గురించి విన్నపం

ఒకాబీ కౌంటీ జిల్లా ప్రాసిక్యూటర్ శ్రీ వార్నర్ హాలిడే గారి సముఖమునకు,
క్రీక్ రోడ్డు చివర కాపురముండు హోసియా మెక్రే, వయస్సు డెబ్బై ఎనిమిది, కలప మిల్లులో పనిచేసి మానినవాడు, వ్రాసుకొను అర్జీ.

విషయం: బ్రేర్‌వుడ్ అకాడమీ వారి కెమెరాను విచారణకు ముందు వారికి తిరిగి ఇవ్వవద్దనియు, అందులోని చిత్రమును మొదటినుండి చివరిదాకా శబ్దముతో సహా తమరు చూడవలెననియు.

అయ్యా,

నేను ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాదు. చర్చిలో పెద్దల వరసలో కూర్చుంటాను గాని, ప్రార్థన వంతు వస్తే తల వంచుకుని పక్కవాడికి వదిలేస్తాను. పల్లెటూరి బడిలో ఎనిమిదో క్లాసు దాకా చదివాను. తప్పులుంటే మన్నించవలెను.

నా మనుమరాలు నైమా మెక్రేకు పదహారేళ్ళు. మా దగ్గరే పెరిగింది. బ్రేర్‌వుడ్ అకాడమీలో స్కాలర్‌షిప్ మీద చదువుతున్నది. సదరు బాలిక ఆ బడి సెక్యూరిటీ అధికారి శ్రీ డ్వేన్ స్ట్రిక్లండ్ గారిని బరువైన వస్తువుతో కొట్టబోయినదని కేసు. గురువారం బాలల కోర్టులో విచారణ. రుజువైతే పిల్లను బాలల జైలుకు పంపుతారు. ఆ బరువైన వస్తువు కెమెరా. అది ఇప్పుడు షెరీఫు గారి సామాన్ల గదిలో, సంచిలో మూతిగట్టి ఉన్నది. అది తమ సొత్తు గనుక తమకిచ్చేయవలెనని బడివారు తమరి ఆఫీసులో కాగితం పెట్టినట్లు తెలిసినది. ఇస్తే తుడిచేస్తారు. కావున విన్నవించుకొనునది ఏమనగా:

1. ఆ కెమెరాను బడివారే సినిమా క్లాసులో నైమాకు ఇచ్చారు. మీ జీవితం మీద ఒక చిత్రం తీసుకురండి అన్నారట. మిగతా పిల్లలు తమ గుర్రాల గురించి, తమ పడవల గురించి తీశారు. నైమా ఆ బడిలోని నల్ల ఆడపిల్లల మీద తీసింది. ఆ బడిని ఏ సంవత్సరంలో ఎందుకు పెట్టారో తమరికీ తెలుసు, నాకూ తెలుసు. తెల్లపిల్లల పక్కన మా నల్లపిల్లలు కూర్చోకూడదని పెట్టారు. అది ఈ అర్జీలో విషయం కాదు.

నైమాతో కలిపి ఆరుగురు. ఒక్కొక్కరినీ మా వంటింట్లో కుర్చీలో కూర్చోబెట్టి ఒకటే ప్రశ్న అడిగింది: "ఇక్కడ నీకేమయింది?" రొట్టెలు కాల్చే రేకు కాగితాన్ని అట్టకు చుట్టి, దాన్ని పట్టుకుని వాళ్ళ ముఖాల మీదికి వెలుతురు మళ్ళించే పని నాకు ఇచ్చింది. మాట్లాడనక్కరలేని పని కనుక ఒప్పుకున్నాను.

మొదట జోరీ బేట్స్ కూర్చుంది. నైమా స్నేహితురాలు.

"హోసియా తాతా, ఆ అట్ట ఇంకాస్త ఎత్తు. బడి ఫొటోలో నా పళ్ళు తప్ప ఏమీ పడలేదు. మా అమ్మ దాన్ని గోడకి తగిలించి, మా పళ్ళు ఎంత బాగా చదువుతున్నాయో చూడండని అందరికీ చెబుతోంది," అంది.

"నవ్వకుండా చెప్పవే," అంది నైమా.

"నవ్వకపోతే ఏడుస్తా. ఏడిస్తే నీ సినిమాలో నా ముక్కు కారుతుంది. నీ ఇష్టం మరి."

నవ్వుతూనే చెప్పింది. ఈతకొలను దగ్గర ముగ్గురు మగపిల్లలు, దాని జడలు తడుస్తాయో తడవవో చూద్దామని తలను నీళ్ళలో తొక్కిపట్టారు. ఊపిరికి వదిలారు. మళ్ళీ తొక్కారు. ఈత నేర్పే అయ్యవారు గట్టు మీద నిలబడి, చాలించండర్రా, భోజనం వేళయింది అన్నారట. ముగ్గురి పేర్లూ జోరీ చెప్పింది.

తరువాతి పిల్లకు ప్రార్థన జరుగుతుండగా వెనక వరసలోంచి కత్తెరతో జడ కోసి, దాన్ని భోజనాల గదిలో మేకుకు తగిలించారు. ఇంకో పిల్లను చరిత్ర క్లాసులో బల్ల మీద నిలబెట్టి, వెనకటి బానిసలను అమ్మినట్లు వేలం పాట పాడారు. నోరు తెరిచి పళ్ళు చూపించమ్మా, కొనేవాళ్ళు చూడాలిగా అని పంతులమ్మే అన్నదట. అది విన్నప్పుడు నా చేతిలో అట్ట పక్కకు ఒరిగింది. ఆ పిల్ల ముఖం మీద వెలుతురు కదిలిపోయింది.

"మళ్ళీ తీద్దువులేమ్మా," అన్నాను.

"వద్దు తాతా. అది అలాగే ఉండనీ," అంది నైమా.

ఆఖరున నైమాయే కుర్చీలో కూర్చుంది. ప్రశ్న నేను అడగవలసి వచ్చింది. ఇక్కడ నీకేమయిందమ్మా అని అడిగాను. "ఇంకా ఏమీ కాలేదు తాతా," అంది. అదీ అందులో ఉన్నది.

2. పేర్లు చెప్పిన సంగతి బడిలో పాకింది. పుస్తకాల అలమారాల వసారాలో ఆ ముగ్గురే జోరీని పట్టుకున్నారు. ఒకడు దాని జడలు చేతికి చుట్టుకుని తలను అలమారా ఇనుప తలుపుకేసి కొట్టాడు.

"సినిమాలో నా పేరు చెప్పావంట. ఇప్పుడు చెప్పు," అన్నాడు.

మళ్ళీ కొట్టాడు. కనుబొమ చిట్లి నెత్తురు కంట్లోకి దిగింది. మిగతా ఇద్దరూ చేతులు పట్టుకున్నారు. నైమా అరవలేదు, మీద పడలేదు. కెమెరా వాళ్ళ వైపు తిప్పి తీయసాగింది. అప్పుడు స్ట్రిక్లండ్ గారు పరుగెత్తుకుంటూ వచ్చారు. కొడుతున్న ముగ్గురినీ దాటి నైమా దగ్గరికి వెళ్ళారు.

"ఏయ్ పిల్లా, అది కింద పెట్టు. చేతులు కనపడనీ," అన్నారు.

అయ్యా, అవి రెండు ఆజ్ఞలు. వంగి కింద పెడితే చేతులు కనపడవు. చేతులు కనపడనిస్తే కింద పెట్టడం కుదరదు. అట్లాంటప్పుడు ఏది ముందు చేయాలో మా ఇళ్ళలో పిల్లకు అక్షరాలకంటే ముందు నేర్పుతాము. నైమా రెండు చేతులూ తల మీదికి ఎత్తి వేళ్ళు విప్పింది. కెమెరా పట్టీతో కుడి మణికట్టుకు వేలాడుతున్నది. దానినే నివేదికలో "బరువైన వస్తువును తలపైకెత్తి కొట్టబోయెను" అని వ్రాసినారు.

3. ఎత్తిన చేతులు ఎత్తినట్లే ఉండగా స్ట్రిక్లండ్ గారు పిల్లను మెడ పట్టి నేలకేసి కొట్టారు. ముందు పన్ను విరిగింది. వీపు మీద మోకాలు వేశారు. ఆయన రెండు వందల యాభై పౌన్లుంటారు. కెమెరా కోసం పట్టీని లాగారు, అది రాలేదు. చేతిని మెలిపెట్టారు. మణికట్టు విరిగిన చప్పుడు తనకు వినపడిందని జోరీ అంటుంది. ఆ తరువాత కాలరు పట్టుకుని వసారా పొడుగునా ఈడ్చుకుపోయారు. నెత్తురు చార తుడవడానికి మనిషిని పిలిచారు. డాక్టరును పిలవలేదు.

"హోసియా తాతా, అది ఒకటే మాట అంటూ ఉంది," అని జోరీ నాతో చెప్పింది. "మొహం నేలకి నొక్కుకుపోయి సరిగ్గా పలకలేకపోతోంది. నా చేతులు కనపడుతున్నాయి సార్, నా చేతులు కనపడుతున్నాయి సార్. చెయ్యి విరిగాక కూడా అదే."

ఆ మాట నైమా కెమెరాలో ఉన్నది. శబ్దం లేకుండా చూస్తే ఎత్తిన చెయ్యి మాత్రమే కనపడుతుంది. బడివారు తమరికి పంపినది వసారా గోడ మీది బడి కెమెరాలో చెయ్యి ఎత్తిన ముక్కే, శబ్దం తీసివేసినదే అని పిల్ల తరఫు లాయరమ్మ చెప్పినది.

ఆస్పత్రిలో నైమా నన్ను అడిగిన మొదటి సంగతి ఇది: "తాతా, నన్ను ఈడ్చేటప్పుడు కెమెరా ఎర్ర లైటు వెలుగుతోందా? జోరీని అడుగు." అడిగాను. వెలుగుతూనే ఉన్నదట. అంటే అంతా అందులో పడింది.

4. చేతుల పాఠం మా ఇంటికి ఎట్లా వచ్చినదో మనవి చేసుకుంటాను. నా అన్న ఎలైజాను చర్చి రోడ్డు మీద షెరీఫు కింద పనిచేసే పోలీసు డిప్యూటీ ఒకడు ముఖం మీద కొట్టాడు. ముక్కులో నెత్తురు తుడుచుకుందామని అన్న చేతిరుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి మళ్ళీ బయటికి రాలేదు. తుపాకి దెబ్బకు అన్న సగం ముఖం నా చొక్కా మీద పడింది. నాకు పన్నెండేళ్ళు. అప్పటినుంచి మా ఇంట్లో ఎవరి చేతులూ జేబులో ఉండవు. నైమా అయిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు వంటింట్లో గరిటెతో బల్ల మీద కొట్టి, "చేతులు" అనేవాణ్ణి. టక్కున ఎత్తేది. ఆట అనుకుని నవ్వేది. నాకంటే ముందు ఎత్తితే పీచ్ పండు ముక్క పెట్టేవాణ్ణి. ఎప్పుడూ తనే గెలిచేది.

5. ఇంకొక సంగతి. పందులను కోసే కత్తి, తుపాకి నాకున్నవి. ఎక్కడ పెడితే చప్పుడు లేకుండా పడుతుందో చిన్నప్పటి నుంచి తెలుసు. ఆదివారం చర్చికి పోకుండా ఆ రెండూ పక్క సీటులో పెట్టుకుని, నా ట్రక్కును స్ట్రిక్లండ్ గారి ఇంటి ముందు ఆపాను. ఆయన బయట గడ్డి కోస్తున్నారు. నేనెవరో ఆయనకు తెలియదు. నన్ను చూసి చెయ్యి ఎత్తి ఊపారు. నేనూ ఊపాను. అలవాటు. ఒకసారి ఊపాక ఇక చేయలేకపోయాను. ఇంటికి వచ్చి ఈ కాగితం తీసుకున్నాను.

నా భార్య వర్లీన్ ఇది చదివి, "ఇట్లాంటిది ప్రాసిక్యూటరుకి ఎవరైనా రాస్తారటయ్యా. కొట్టెయ్," అంది.

"పెన్నుతో రాశాను," అన్నాను.

"అయితే కాగితం మార్చు."

"జరిగిందేగా రాశాను."

"జరిగినవన్నీ చెప్పేవాడివైతే యాభై ఏళ్ళు నాతో మూగి కాపురం ఎందుకు చేశావు," అంది. అని ఆ ముక్క ఉంచమన్నది. దీనిని బెదిరింపుగా నమోదు చేయరాదని మనవి. కత్తీ తుపాకీ మా పాస్టరు గారి ఇంట్లో ఇచ్చివేసితిని.

6. కావున కెమెరాను బడివారికి ఇవ్వకుండ ఆజ్ఞ చేయవలెను. ఆ ఆరుగురు పిల్లల మాటలూ అందులోనే ఉన్నవి, వేరే ప్రతి లేదు. తుడిచేస్తే మళ్ళీ కూర్చుని చెప్పమని వాళ్ళను నేను అడగలేను. నా కళ్ళముందు చెప్పారు, ఒకసారి చెప్పడానికే వాళ్ళకు ప్రాణం పోయి వచ్చింది.

7. చేతులు ఎత్తడమే నేరమైతే నేర్పినవాణ్ణి నేను. కేసులో పిల్ల పేరు కొట్టివేసి నా పేరు వ్రాయవలెను. గురువారం కోర్టు తలుపు తీసేసరికి మెట్ల మీద ఉంటాను.

ఈ నా మొరను చిత్తగించి, శబ్దము పెట్టి చూడవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
హోసియా మెక్రే
నైమా తాత

మరచినది: పైన సంతకం చేస్తుండగా వర్లీన్ చేతిలోంచి ఇనప మూకుడు జారి నేల మీద పడింది. నైమా కుర్చీలోంచి లేచి రెండు చేతులూ ఎత్తేసింది, పిండికట్టు వేసిన చెయ్యి కూడా.

"మూకుడేనమ్మా," అంది వర్లీన్.

"తెలుసు నాయనమ్మా," అంది.

తెలిసీ దించలేదు. నేను లేచి వెళ్ళి ఆ రెండు చేతులూ పట్టుకుని మెల్లగా కిందికి దించాను. వదిలితే మళ్ళీ లేచినవి. అట్లా ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. ఎత్తడం నేను నేర్పాను. దించడం నాకెవరూ నేర్పలేదు, నేను దానికి నేర్పలేదు. నా మాటకు దిగడం లేదు. అయ్యా, ఇక దించవచ్చని తమరే చెప్పాలి.