ఉక్కపోత నెమ్మదించిన వైనం

చికిటి,
జూన్ 14

ప్రియమైన వాసవీ,

ఫోన్లో నన్ను మాట్లాడనివ్వవు గనక ఉత్తరం రాస్తున్నాను. ఇక్కడ మధ్యలో అడ్డురావడం నీవల్ల కాదు, చదువు.

మీ కొత్త ఆల్బం విన్నాను. మన ఉక్కపోత బ్యాండుకి ఏటయిందే? బరంపురం రైల్వే క్వార్టర్స్ వెనక రేకుల షెడ్డులో నువ్వు గర్జిస్తూ, కూర్మారావు గిటారుని రంపంలా కోస్తూ, నేను డ్రమ్ములు బద్దలుకొడుతూ ఉంటే పక్కింటివాళ్ళు పోలీసుల్ని పిలిచారు. అదీ మెటల్ సంగీతమంటే! మొదటి ఆల్బంలో కూలి రేట్ల మీద పాట, గుడిలోకి రానివ్వనివాళ్ళ మీద పాట. రెండోదాంట్లో కాస్త తగ్గాం, సరే. తుఫానులో మణికట్టు విరిగి నేను మానేశాక, మూడోదాంట్లో గర్జన పోయి మామూలు పాట వచ్చింది. ఈ నాలుగోదాంట్లో పాటా లేదు, నీళ్ళ అడుగునుంచి ఏదో మూలుగు. మా అమ్మకి వినిపిస్తే హాయిగా నిద్రపోయింది. కుర్రాళ్ళు ఒడియాలో "శాంతి లాగుచి", ప్రశాంతంగా ఉంది, అంటున్నారట. శాంతి కోసమా మనం గొంతులు చించుకున్నది? కోపం అమ్ముడుపోవట్లేదని కలలు అమ్ముతున్నారా?

ఇంకోటి. ఆ డ్రమ్ములవాడెవడు? దెబ్బకీ దెబ్బకీ మధ్య టీ తాగొస్తున్నాడు. వాణ్ణి ముందు మాన్పించు.

కోపంగానే, నీ
గౌతమ్


బరంపురం,
జూన్ 25

ఒరే గౌతమ్,

కోపమంటే వేగమేనని నీకెవడు సెప్పాడు? నువ్వు మీటింగులో అరిచి ఇంటికెళ్తే అన్నం వడ్డించి ఉంటుంది. నా కోపం ఆ వడ్డించడం దగ్గర మొదలవుతుంది. అప్పట్లో మన కోపం మూడు నిమిషాల పాటతో తీరిపోయేది. ఇప్పుడు పొద్దస్తమానం ఉంటుంది. దాన్ని మూడు నిమిషాల్లో ఎలా కుక్కను?

ఫైలిన్ తుఫాను తర్వాత కరెంటు లేని వారాలు గుర్తున్నాయా? ఆంప్లిఫయర్లు మూగపోయాయి. ఓ సాయంత్రం పడిపోయిన కొబ్బరిచెట్టు మీద కూచుని ఊరికే పాడితే, నీళ్ళ బిందెలతో పోయేవాళ్ళు బిందెలు దించి నిలబడిపోయారు. గర్జించకుండా కూడా మనుషుల్ని ఆపొచ్చని అప్పుడు తెలిసింది. అమ్ముడుపోవడం కాదురా అది.

అసలు సంగతి. డిసెంబర్లో గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డున కచేరీ. డ్రమ్ములకి మనిషి లేడు. నువ్వొస్తావా? నువ్వు రాకపోతే కచేరీకి ఒప్పుకోను. ఉక్కపోత ఇక్కడితో ఆగిపోతుంది.

నీతో పోట్లాటకి ఎప్పుడూ సిద్ధం,
వాసవీకుమారి


చికిటి,
జూలై 3

వాసవీ,

జాలిపడి పిలవకు. మోటార్లు రిపేరు చేసేటప్పుడు స్పానరు పట్టుకుంటేనే చేతిలో నొప్పి. నేను రాను. ఆల్బంలో వాయించినవాడున్నాడుగా, వాణ్ణే కూచోబెట్టు. నిద్రపోతూ వాయించే ఘనుడు!

గౌతమ్


బరంపురం,
జూలై 11

గౌతమ్,

ఆ ఘనుడివి నువ్వే.

కూర్మారావు మన మొదటి ఆల్బం టేపుల్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తూ, పొరపాటున నీ డ్రమ్ముల్ని సగం వేగంతో తిప్పాడు. ఆపమందామని లేచి, ఆపమనలేక మళ్ళీ కూచున్నాను. వడగళ్ళలా ఉండే నీ దెబ్బలు అలల్లా వచ్చాయి. వాటి మీదే ఆల్బమంతా కట్టాం. విని నువ్వే గుర్తుపట్టి నవ్వుతావనుకున్నాను. నిన్ను నువ్వే తిట్టుకుంటావనుకోలేదు.

నీ వాసవి


బరంపురం,
ఆగస్టు 20

ప్రియమైన గౌతమ్,

నెల దాటింది, జవాబు లేదు. ఇన్నేళ్ళలో నువ్వు నోరు మూసుకోవడం ఇదే మొదలు, భయమేస్తోంది.

నీ చేతుల్ని నిన్నడక్కుండా వాడాం. తప్పు. ఆల్బం నెట్ లోంచి తీసేశాం. కచేరీవాళ్ళు దసరాలోగా ఏదో ఒకటి సెప్పమన్నారు. నువ్వు తిట్టినా సరే, రెండు ముక్కలు రాయి.

వాసవి


చికిటి,
సెప్టెంబర్ 9

ప్రియమైన వాసవీ,

పని మానేసిన మనిషి చేతుల్ని అతనికి తెలియకుండా వాడుకోవడం ఏ మిల్లు యజమాని దగ్గర నేర్చుకున్నారు? దీని మీద బతికున్నంతకాలం నీతో పోట్లాడతాను. అది వేరే సంగతి.

నిన్న మధ్యాహ్నం కొట్టు తలుపులు వేసుకుని, నా ఫోన్లో మిగిలిన ఆల్బం కళ్ళు మూసుకుని మళ్ళీ విన్నాను. నా దెబ్బల వెనకే షెడ్డు రేకుల మీద ఆనాటి వాన కూడా టేపులో పడింది. చినుకులు ఒకదాని కోసం ఒకటి ఆగి, తీరిగ్గా దిగుతున్నాయి. ఇచ్ఛాపురం వైపు పోయే రైలు కూత పెట్టింది, సముద్రం లోపల పెద్ద జంతువేదో తన మందని పిలిచినట్టు. నేను కూడా నీళ్ళలోనే ఉన్నట్టుంది, ఊపిరాడుతూనే ఉంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎవడో గాలి పీలుస్తున్నాడు. నేనే. ఇరవై మూడేళ్ళవాణ్ణి. ఎంత భయపడుతున్నానే వాసవీ! పోలీసులంటే, మా నాన్నంటే, రేపంటే. అది ఎవరికీ వినపడకూడదనే అంత వేగంగా కొట్టానేమో. ఆ కుర్రాణ్ణి దగ్గరికి తీసుకోవాలనిపించింది.

ఆల్బం మళ్ళీ పెట్టండి. నా పేరు వెయ్యండి. గోపాల్‌పూర్లో మాత్రం టేపు వేశారంటే ఊరుకోను. నేనొస్తాను.

పొద్దున బకెట్టు బోర్లించి సాధన చేశాను. రెండో పాటలోనే మణికట్టు పట్టేసింది. అక్కడా పట్టేస్తుంది. అప్పుడు కంగారుపడి గిటారు మోత పెంచొద్దని కూర్మారావుకి చెప్పు. నువ్వూ పాడకు. ఊరికే ఆగండి, మళ్ళీ అందుకుంటాను. మీ పాటలో అంత చోటుంది. నేను విన్నాను.

మీ డ్రమ్మర్,
గౌతమ్